గోడ ఎత్తు కోసం నిలబడ్డ మనిషి

దయ్యాలున్నాయంటే నేను నవ్వేవాణ్ణి. ఇప్పటికీ నవ్వుతాను, కాకపోతే మునుపటంత గట్టిగా కాదు. మాది నెల్లూరు. మా అమ్మకు జ్వరం డాక్టరు మందుతో తగ్గినా పేరు మాత్రం తాయెత్తుకే వెళ్లేది. నేను దర్గాకు వెళ్లినా ఫాతెహా చక్కెర కోసమే వెళ్లేవాణ్ణి. చెట్టు కింద తెల్లచీర కనిపించిందని ఎవరైనా చెబితే, అంచు ఏ రంగో చెప్పమని అడిగి వాళ్ల నోరు మూయించేవాణ్ణి.

అనుమానం నా పుట్టుగుణం. కూరలో ఉప్పు సరిపోయిందని మా ఆవిడ చెప్పినా నేను రుచి చూశాకే నమ్ముతాను. అలాంటివాడు చెబుతున్నాడని గుర్తుపెట్టుకుని ఇది చదవండి.

ఎనభైల మొదట్లో నేను అబుదాబిలో ఒక ఇంజినీరింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. బిల్డింగుల ప్లాన్లు గీయడం నా పని. మా ఊళ్లోవాళ్లకు మాత్రం నేను దుబాయ్‌లోనే ఉన్నట్టు. అబుదాబి అని ఎంత చెప్పినా "అదేలే, దుబాయే కదా" అనేవాళ్లు. చెప్పీ చెప్పీ నేనే మానుకున్నాను.

మా ఆఫీసులో క్లౌస్ అని ఒక జర్మన్ ఆర్కిటెక్టు ఉండేవాడు. వాళ్ల ఊళ్లో ఎండాకాలం వస్తే జనం కెమెరాలు మెడలో వేసుకుని గుంపుగా నడకకు బయల్దేరతారట. ఒక వారం పాతపేట, ఒక వారం పార్కు, ఇంకో వారం కొత్తగా కట్టిన ఫ్లాట్లు. ఊరు కాళ్లకు తెలుస్తుంది గానీ కారుకు తెలియదు అనేవాడు. ఆ అలవాటు మానుకోలేక అబుదాబి ఎండల్లో కూడా శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు వేళ దాటగానే బయల్దేరేవాడు. వాళ్ల ఎండ వేరు, మా ఎండ వేరు అని ఆయన ముఖమే చెప్పేది, ఉడికిన రొయ్యలాగా. తోడుకు నన్ను పిలిచాడు. రెండు వారాలు మొహమాటానికి వెళ్లాను. మూడో వారానికి నాకూ పిచ్చి పట్టి, సెకండ్ హ్యాండులో ఒక జపాన్ కెమెరా కొన్నాను.

ఆయన నాకు ఒక పద్ధతి నేర్పాడు. గోడను గానీ గేటును గానీ తీసేటప్పుడు ఎవరో ఒకరు దాని ముందు నుంచి నడిచి వెళ్లేదాకా ఆగాలి. పక్కన మనిషి లేకపోతే గోడ ఎంత ఎత్తో ఫోటోలో తెలియదు. ఆ మనిషి ఎవరన్నది అనవసరం. మేం ప్లాన్లు గీసేటప్పుడు కూడా బిల్డింగు పక్కన ఒక మనిషి బొమ్మ వేస్తాం, ముక్కూ మొహం లేకుండా, ఉత్త కొలతకు. నేను ఆ పద్ధతి తు.చ. తప్పకుండా పాటించాను.

జూన్‌లో క్లౌస్ సెలవు మీద వాళ్ల దేశం వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాకు తోడు వచ్చింది మా రూమ్మేటు గంగారాం. మెట్‌పల్లి వైపు పల్లెటూరివాడు, కన్‌స్ట్రక్షన్‌లో షట్టరింగ్ పని. గోడల మీద ఆసక్తితో రాలేదు. ఫోటోలు దిగడానికి వచ్చాడు. ఆ రోజుల్లో మా రూముల్లో ఒక ఆచారం ఉండేది. ఇంటికి పంపే ఫోటోల కోసం అందరికీ కలిపి ఒక మంచి చొక్కా, ఒక వాచీ, ఒక జత నల్లద్దాలు ఉండేవి. వంతులవారీగా వేసుకుని ఎవరిదో కారు మీద చెయ్యి వేసి నిలబడేవాళ్లు. మా రూముది పెద్ద పెద్ద పూల చొక్కా. అది వేసుకున్నవాళ్ల ఫోటోలు కరీంనగర్ జిల్లాలో ఎన్ని గోడల మీద ఉన్నాయో ఆ దేవుడికే తెలియాలి.

కెమెరాతో తిరగడం అప్పట్లో అంత సుఖం కాదు. మనుషుల్ని తీస్తే ఎవరూ పట్టించుకోరు, గోడల్ని తీస్తే అందరికీ అనుమానమే. ఒకసారి సముద్రపు ఒడ్డున కార్నిష్ దగ్గర పోలీసు ఆపి, ఖాళీ గోడ ఎందుకు తీస్తున్నావని అడిగాడు. అందంగా ఉందన్నాను. ఆయన గోడ వంక చూశాడు, నా వంక చూశాడు, నా బతాకా, అంటే గుర్తింపు కార్డు, తిప్పి తిప్పి చూశాడు. గంగారాం పూల చొక్కాలో పళ్లికిలించి నిలబడితే, వీళ్లు పిచ్చివాళ్లేనని తేల్చుకుని "యల్లా, రూహ్" అని పంపేశాడు. అప్పట్నించీ మమ్మల్ని ఎవరైనా వెంబడిస్తున్నారేమోనని నేను వెనక్కి తిరిగి చూసుకునేవాణ్ణి. ఎప్పుడూ ఎవరూ కనిపించలేదు.

జూలైలో ఒక శుక్రవారం సూక్ బజారు వెనకాల పాత ఇళ్ల వరసకు రెండోసారి వెళ్లాం. అన్నీ ఒక అంతస్తు ఇళ్లు. త్వరలో పడగొట్టేస్తారని ఆఫీసులో విన్నాను. ఆ ఇళ్ల రేకు గేట్లంటే నాకు చాలా ఇష్టం. ఒకదాని మీద కాఫీ కూజా, ఒకదాని మీద ఖర్జూరం చెట్టు, పచ్చా నీలం రంగుల్లో వేసి ఉండేవి. వాటి వెనకాల ఒక కొత్త టవరు లేస్తోంది. దాని ప్లాన్లలో కొన్ని నేనే గీశాను. కిందటి చలికాలంలో పునాది మొదలైంది, అప్పటికి నాలుగో అంతస్తు స్లాబు పడింది. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

ఆకుపచ్చ గేటు నీడలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నీలం ప్యాంటు, తెల్ల చొక్కా, ముప్పై లోపు వయసు. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని ముందుకొచ్చాడు.

"మనోళ్లేనా అన్నా? నాదొక్క ఫోటో తియ్యుండ్రి, ఇంటికి పంపాలె" అన్నాడు.

గంగారాంకు ఆ యాస వినగానే ప్రాణం లేచొచ్చింది. ఏ ఊరంటే ఏ ఊరని అడిగాడు. చూస్తే గంగారాం అక్కను ఇచ్చిన ఊరే. పేరు రాజేశం. పెళ్లయిన కొత్తలోనే వచ్చాడట, రువైస్‌లో రిఫైనరీ పనికి. భార్య పేరు నర్సవ్వ. గంగారాం ఊరు వదిలి మూడేళ్లు దాటింది. ఆ ఊరి కొత్త సంగతులేవీ వాడికి తెలియవు.

గంగారాం పెద్దమనసుతో నల్లద్దాలు తీసి ఇవ్వబోయాడు. రాజేశం వద్దన్నాడు.

"అద్దాలు వద్దే. కండ్లు కనవడాలె. ఇంటోళ్లు గుర్తువట్టాలె గదా."

ఇద్దరినీ కలిపి ఒక ఫోటో తీశాను. తర్వాత గంగారాం చల్లగా ఏమైనా తెస్తానని వీధి చివర బకాలా కొట్టుకు వెళ్లాడు. రాజేశం తనకొక్కడికే ఇంకొకటి తీయమన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి, కుడి చెయ్యి గేటు మీద పెట్టాడు. మోచేతికి కింద తేలు బొమ్మ పచ్చబొట్టు ఉంది. చెయ్యి కూడా పడాలి అన్నాడు.

నేను నొక్కాను. ఆయన నవ్వాడు. "మూత తియ్యలే సారూ" అన్నాడు.

నిజమే. ఇసుక పడుతుందని ఫోటో ఫోటోకీ లెన్సుకు మూత పెట్టేవాణ్ణి. ఆ కెమెరాలో చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. మూత ఉన్నా మనకు తెలియదు. గంగారాం దగ్గర పెద్ద ఫోటోగ్రాఫర్‌లా పోజులు కొట్టేవాణ్ణి కాబట్టి నాకు తల కొట్టేసినట్టయింది. మూత తీసి మళ్లీ తీశాను. ఆ ముక్క గంగారాంకు చెప్పలేదు. అప్పుడే కాదు, ఆ తర్వాత ఎన్నో నెలలు కూడా ఎవరికీ చెప్పలేదు.

గంగారాం సీసాలు తెచ్చేసరికి ఆయన వెళ్లిపోయాడు. గేటు లోపలికి వెళ్లాడనుకున్నాను. అప్పుడు గమనించిన ఒక్క సంగతి రాస్తాను. మా ఇద్దరి బట్టలు చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయాయి. ఆయన చొక్కా పొడిగా ఉంది. నీడలో నిలబడ్డాడు కదా అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను.

రూములో బాత్‌రూమ్ కిటికీకి నల్లగుడ్డ కట్టి నేనే ఫోటోలు కడిగేవాణ్ణి. రెండు ఫోటోలూ బాగా వచ్చాయి, మధ్యలో మూతతో తీసిన ఫ్రేము ఖాళీ. గంగారాం తనూ రాజేశం ఉన్న ఫోటో దగ్గర పెట్టుకుని, రాజేశం ఒక్కడే ఉన్న ఫోటోను ఇంటికి వెళ్తున్న ఒకాయన చేత పంపించాడు. దానితోపాటు అక్కకు ఒక క్యాసెట్. ఉత్తరం రాయడం గంగారాంకు రాదు. మా దగ్గర చాలామంది అంతే, టేప్‌రికార్డరు ముందు కూర్చుని మాట్లాడి ఆ క్యాసెట్ పంపేవాళ్లు. వాడు మాట్లాడుతున్నంతసేపూ నేను పక్కనే ఉన్నాను. మీ ఊరి రాజేశం కలిశాడు, ఫోటో నర్సవ్వకు ఇవ్వు అన్నాడు, అంతే.

నెల దాటాక జవాబు క్యాసెట్ వచ్చింది. శుక్రవారం పొద్దున రూములో పప్పు ఉడుకుతుండగా పెట్టాం. గంగారాం అక్క గొంతు మొదలవుతూనే తిట్లతో మొదలైంది.

"అరేయ్ గంగారాం, నీకేమన్న పిచ్చి లేసిందారా? రాజేశం ఇంటికొచ్చి రెండేండ్లు దాటె. బిడ్డ పుట్టింది. ఇగో నా పక్కపొంటి కూసున్నడు. మరి నువ్వు ఎవని ఫోటో పంపినవ్‌రా?"

రూములో అందరూ పని ఆపేశారు. తర్వాత ఒక ఆడమనిషి గొంతు, మెల్లగా. "అన్నా, నేను నర్సవ్వను. ఫోటో తీసినాయనను ఒక్కటడుగు. ఆ చేతి మీద తేలు నిజంగ ఉన్నదా? పెండ్లప్పుడు ఉండె. వచ్చినాయనకు లేదు. పైపు మీద పడి కాలిందన్నడు. నేను నమ్మిన."

ఆ తర్వాత మగ గొంతు. "నేను రాజేశాన్ని. నేను ఈడనే ఉన్న బావా. నన్ను ఆగం చెయ్యకుండ్రి."

ఆ గొంతు నేను ఎరుగుదును. "మూత తియ్యలే సారూ" అన్న గొంతు అదే. టేపులో గొంతులన్నీ ఒకేలా ఉంటాయని ఆ రోజంతా నాకు నేను చెప్పుకున్నాను.

ఇక మా రూములో అనుమానాలు మొదలయ్యాయి. గంగారాం నన్ను అనుమానించాడు. "మస్తాన్ భాయ్, నువ్వు బాత్‌రూంల ఏందో అతుకువెట్టినవ్" అన్నాడు. నేను వాణ్ణి అనుమానించాను. అక్కా తమ్ముడూ కలిసి ఏదో నాటకం ఆడుతున్నారేమో, ఆస్తి గొడవేదో ఉందేమో అనుకున్నాను. వాడి ముందే అదే నెగటివు నుంచి మళ్లీ ప్రింటు వేసి చూపించాను. మందు నీళ్లలో ఆ మొహం మెల్లగా పైకి తేలుతుంటే వాడు "ఖలాస్, బంద్ చెయ్" అని బయటికి వెళ్లిపోయాడు. నటించేవాడైతే అలా వెళ్లడనిపించింది. బాగా నటించేవాడైతే సరిగ్గా అలాగే వెళ్తాడని కూడా అనిపించింది.

పాత ఫోటో అనుకోవడానికి లేదు. ఆకుపచ్చ గేటు వెనకాల టవరు నాలుగు అంతస్తులు స్పష్టంగా ఉంది. ఊళ్లో రాజేశం ఇంటికి చేరేనాటికి అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు. దాని ప్లాన్లు నా టేబులు మీదే ఉన్నాయి.

మరుసటి శుక్రవారం ఇద్దరం ఆ గేటుకు వెళ్లాం. అందులో పఠాన్ డ్రైవర్లు ఉంటున్నారు. మంచం మీద కూర్చున్న పెద్దాయనకు ఫోటో చూపించాను. తమ ఇంట్లో మద్రాసీ ఎవడూ లేడు, ఎప్పుడూ లేడన్నాడు. మళ్లీ ఫోటో దగ్గరగా పెట్టుకుని చూసి, తేలిగ్గా అన్నాడు. "యే తో ఆప్‌కా ఆద్మీ హై. ఆప్‌కే పీఛే పీఛే చల్తా హై హర్ జుమ్మా."

ప్రతి శుక్రవారం మీ వెనకాలే నడుస్తాడుగా అన్నాడు. మేం ఆ వరసకు అంతకుముందు వచ్చింది రెండుసార్లే, జూన్‌లో ఒకసారి, జూలైలో ఒకసారి. మిగతా శుక్రవారాలు ఊళ్లో బండి తోలుతూ చూశాడేమో.

రూముకు వచ్చి ఆ ఎండాకాలం నెగటివులన్నీ బయటికి తీశాను. కిటికీ వెలుతురుకు పెట్టి, ఆఫీసు నుంచి తెచ్చిన భూతద్దంతో చూశాను. గోడ ఎత్తు కోసం ఫ్రేములోకి నడిచి వచ్చిన మనుషుల్ని మొదటిసారి మనుషులుగా చూశాను. కార్నిష్ గోడ ముందు ఒకడు. కొత్త పార్కు కంచె ముందు ఒకడు. ఫౌంటెన్ అవతల ఒకడు. పాత కోట గోడ ముందు ఒకడు. అందరివీ తెల్ల చొక్కాలు, నీలం ప్యాంట్లు. దారినపోయేవాడు పక్కకు తిరిగి నడుస్తాడు. ఇతను అన్నింట్లోనూ కెమెరా వైపే తిరిగి నిలబడి ఉన్నాడు.

మొహాలు గోరంత కూడా లేవు. అందుకని ప్రమాణం చేసి ఒకే మనిషని చెప్పలేను. గంగారాం మాత్రం ప్రమాణం చేసి చెప్పాడు. నాకు ఆ రోజు భయం వేసింది. ఆ మాట దాచను. పట్టపగలు, పక్కన నలుగురు ఉండగా భయం వేసింది.

అయినా నా బుర్ర ఊరుకోలేదు. పాస్‌పోర్టులన్నీ కఫీల్, అంటే పనికి పిలిపించుకున్న యజమాని, బీరువాలో ఉండే దేశం అది. ఒకడి పాస్‌పోర్టు మీద పోలికలున్న ఇంకొకడు ఇంటికి వెళ్లి ఉండొచ్చు. అసలు రాజేశం ఇక్కడే చిక్కుకుని, మాటలు విని మావాళ్లని తెలుసుకుని వెంట తిరిగి ఉండొచ్చు. చేతి మీద తేలును కాల్చుకోవడం ఎంతసేపు? ఈ లెక్క నాకు బాగా నచ్చింది. రువైస్ వైపు వెళ్లే మా కంపెనీ డ్రైవరు చేత వాకబు చేయించాను. అక్కడ రాజేశంతో పనిచేసినవాళ్లు ఉన్నారు. పైపు తగిలి చెయ్యి కాలినప్పుడు మోసుకెళ్లింది తామేనని, విమానం ఎక్కించిందీ తామేనని చెప్పి పంపారు. కాలకముందు తేలు ఉందా అంటే, ఉందన్నారు. నా లెక్క అక్కడ తప్పింది.

ఆ చలికాలం నేను సెలవు మీద వచ్చాను. బయల్దేరేముందే గంగారాం అక్క దగ్గరనుంచి ఇంకో క్యాసెట్ వచ్చింది. ఊళ్లో గొడవ ముదిరింది. రాజేశం అన్న మల్లయ్య, వీడు మా తమ్ముడే కాదు, పొలంలో పాలు ఇవ్వను అంటున్నాడట. బిడ్డకు తండ్రి ఎవరని బావి దగ్గర ఆడవాళ్లు అడుగుతున్నారట. ఫోటో తీసినాయన వచ్చి ఎప్పుడు తీశాడో పెద్దమనుషుల ముందు చెప్పాలట. నేను తప్పించుకోవచ్చు. కానీ ఆ ఫోటో నా చేతి మీదుగా వెళ్లింది. హైదరాబాదులో దిగి బస్సెక్కాను.

గంగారాం అక్క ఇంటి ముందు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. నీళ్ల చెంబు తెచ్చి ఇచ్చిన మనిషిని చూసి నా చెయ్యి ఆగిపోయింది. ఆకుపచ్చ గేటు ముందు నిలబడ్డ మనిషే. అదే నుదురు, అదే నవ్వబోయి ఆగిన నోరు. కుడిచేతి మీద మాత్రం మణికట్టు నుంచి మోచేతిదాకా ముడతలు పడిన కాలిన చర్మం. కొంచెం వెనకగా పసిపిల్లను చంకన వేసుకుని నర్సవ్వ. ఆమె మొగుణ్ణి చూడలేదు. నన్నే చూస్తూ నిలబడింది.

పెద్దమనుషులు అరుగు మీద కూర్చున్నారు. మల్లయ్య ఫోటో నా ముందు పెట్టాడు. "ఇది ఎప్పుడు తీసిండ్రో చెప్పుండ్రి సార్, మాకు గదొక్కటి చాలు" అన్నాడు.

నిజం నా నోట్లోనే ఉంది. మొన్న జూలైలో, నా చేత్తో. అది అంటే చాలు, ఆ మనిషి దొంగ, ఆ పిల్ల ఎవరి పిల్లో తెలియని పిల్ల. నర్సవ్వ పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. పిల్ల నిద్రపోతోంది.

కెమెరా సెకండ్ హ్యాండుదని చెప్పాను, అంతవరకు నిజం. పాత ఓనరు తీసిన రీలు ఒకటి దానితోపాటు వచ్చిందని, కడిగేటప్పుడు పాతదీ కొత్తదీ కలిసిపోయాయని, గంగారాం చూసింది వేరే మనిషినని, పోలికలు చూసి పొరపడ్డాడని చెప్పాను. ఇది రాజేశం అక్కడ ఉన్నప్పుడు ఎవరో తీసిన పాత ఫోటో అన్నాను. ఇంత వరసగా అబద్ధం చెప్పగలనని నాకే తెలియదు.

మల్లయ్య నమ్మలేదు. తమ్ముడి వైపు తిరిగాడు. "తీసిండ్రా నిన్ను? గా పచ్చ గేటు కాడ?"

"తీసిండ్రు" అన్నాడు రాజేశం. "యాదికున్నది."

పెద్దమనుషులకు అది చాలింది. నిజానికి వాళ్లకు కూడా ఇది తెగితే బాగుండునని ఉంది. పొలంలో రాజేశం పాలు రాజేశందేనని తేల్చి లేచారు.

బస్సు ఆగే చోటిదాకా రాజేశం నా సంచి మోసుకొచ్చాడు. నేను ఉండబట్టలేక, నీకోసం అబద్ధం చెప్పానన్నాను. కొంచెం గొప్పగానే అన్నాను.

ఆయన ఆగాడు. "అబద్ధమెట్లయితది సారూ? మీరే గదా తీసింది. మొదలు మూత తియ్యలే. నేను జెప్పినంక తీసిండ్రు."

ఎప్పుడు తీశానని అడిగాను.

"గదే సమజైతలేదు. ఎండలు గొట్టేటప్పుడు పొలం కాడ జెర కన్నంటుకున్నది. కలనో ఏందో. మీరు, పూల అంగీ ఏసుకున్న గంగారాం, పచ్చ గేటు. లేసెటాల్లకు పెయ్యంత ఇసుక ఇసుక అనిపిచ్చింది. నెల దాటినంక ఫోటో వచ్చె. ఎవ్వలకూ చెప్పలే సారూ. ఎట్లాగూ నన్ను నమ్ముతలేరు." కాలిన చెయ్యి రెండో చేత్తో రుద్దుకున్నాడు. "గాయనకు తేలున్నది. నాకు లేకపాయె."

గంగారాం తర్వాత ఎప్పుడైనా క్యాసెట్‌లో చెప్పాడేమోనని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. కానీ మూత సంగతి గంగారాంకే తెలియదు. నేను చెప్పలేదు.

బస్సు దుమ్ము కనిపించేసరికి నర్సవ్వ పరుగున వచ్చింది. పిల్లను మొగుడి చేతికిచ్చి, బర్రెకు నీళ్లు పెట్టమని ఆయన్ను పంపేసింది. ఆయన పిల్లను భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆమె కొంగు కింద నుంచి రెండు గుడ్డ మూటలు తీసింది. పల్లిముద్దల వాసన వస్తోంది.

"ఇది నీకు అన్నా" అంది ఒకటి ఇస్తూ. రెండోది కొంచెం పెద్దది. "ఇది ఆయనకు."

ఏ ఆయనకని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఆడున్నాయనకు. కనవడితే ఇయ్యి. పల్లిముద్దలంటే పాణం ఆయనకు. తిన్నంక చెప్పు..." కళ్లు తుడుచుకోలేదు, అలాగే నా వైపు చూస్తూ అంది. "ఇటు రావద్దని చెప్పు. ఇల్లు నిండిందని చెప్పు."

బస్సులో కూర్చుని నేను ఏడ్చాను. ఎవరి కోసమో తెలియకుండా ఏడవడం నాకు అదే మొదలు.

నేను తిరిగి వెళ్లేసరికి ఆ ఇళ్ల వరస నేలమట్టమై ఉంది. గంగారాం ఆ మూటను ముట్టుకోలేదు, రూములో ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ మరుసటి ఎండాకాలమంతా దాన్ని సంచిలో వేసుకుని శుక్రవారం శుక్రవారం నడిచాను. కార్నిష్, పార్కు, కోట, బనియాస్ దాకా కూడా వెళ్లాను. తీసిన ప్రతి ఫ్రేమునూ భూతద్దం పెట్టి వెతికాను. ఆయన మళ్లీ ఎక్కడా పడలేదు. పల్లిముద్దలు పాడయ్యాక గుడ్డ మాత్రం ఉంచాను.

పాస్‌పోర్టు మార్పిడి అనుకుంటే రువైస్‌వాళ్ల మాట అడ్డం వస్తుంది. కల అనుకుంటే ఫోటో అడ్డం వస్తుంది. నాటకం అనుకుంటే మూత అడ్డం వస్తుంది. ఇన్నేళ్లుగా ఒకదాన్ని సర్దితే ఇంకొకటి జారిపోతోంది. దయ్యం అందామంటే, చచ్చినవాళ్లెవరూ లేరు. రాజేశం, నర్సవ్వ ఇద్దరూ చల్లగా ఉన్నారని, ఆ పిల్లకు పెళ్లి కూడా అయిందని గంగారాం చెప్పాడు.

అక్కడ పనిచేసినన్నాళ్లూ రద్దీలో తెల్ల చొక్కా కనిపిస్తే నా గుండె ఆగినంత పనయ్యేది. ఆయన దయ్యమన్న భయంతో కాదు. ఎదురుపడితే తిన్నావా అని అడగగలను. ఇల్లు నిండిందని ఆమె చెప్పమన్న మాట ఆ మొహం చూస్తూ ఎలా చెప్పాలో నాకు తెలియదు.